వైజాగ్ టెస్టు మొదటి రోజు: 336/6 స్కోరుని ఎలా చదవాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క రోజు గురించి మాట్లాడుకుందాం. 2024 ఫిబ్రవరి 2, శుక్రవారం. వైజాగ్‌లో ఇండియా, ఇంగ్లండ్ రెండో టెస్టు మొదటి రోజు. మన సిక్కోలు, విజయనగరం వాళ్లకి ఇది దాదాపు ఊరి గ్రౌండే కదా. హైవే మీద మనం వెళ్తుంటే, సిటీ కంటే ముందే మధురవాడ దగ్గర స్టేడియం వచ్చేస్తుంది.

సాయంత్రానికి స్కోరు 336/6. యశస్వి జైస్వాల్ 179 నాటౌట్. ఇది చూసి "ఇంకేటి, మ్యాచ్ మనదే" అనేయడం చాలా ఈజీ. కానీ టెస్టులో అలా అనకూడదు. ఎందుకో చెప్తాను.

ఎనిమిది రోజులు వెనక్కి వెళ్దాం. జనవరి 25, హైదరాబాద్, మొదటి టెస్టు. తొలిరోజే ఇంగ్లండ్ 246కి ఆలౌట్. అదే సాయంత్రం మనం 119/1. అంతకంటే మంచి మొదటి రోజు ఉంటుందా? మొదటి ఇన్నింగ్స్‌లో 190 పరుగుల ఆధిక్యం కూడా వచ్చింది. అయినా ఓలీ పోప్ 196 కొట్టాడు, మనం 28 పరుగుల తేడాతో ఓడిపోయాం. అంటే వైజాగ్ వచ్చేసరికి సిరీస్‌లో మనం వెనకబడి ఉన్నాం. కోహ్లీ లేడు. రాహుల్, జడేజా గాయాలతో ఔట్. ఇది కూడా పోతే 0-2.

ఇప్పుడు ఆ 336ని విడదీసి చూద్దాం. టెస్టులో రోజుకి మూడు సెషన్లు. లంచ్‌కి 103/2. టీకి 225/3. ఆట ముగిసేసరికి 336/6. అంటే రెండో సెషన్ పూర్తిగా మనది. 122 పరుగులొచ్చాయి, పోయింది ఒక్క వికెట్టే. మూడో సెషన్‌లో 111 వచ్చాయి గానీ, మూడు వికెట్లు పోయాయి. స్కోరు ఒక్కటే చూస్తే ఈ తేడా కనపడదు.

ఇంకో లెక్క. 336లో 179 ఒక్కడివే. మిగతావన్నీ కలిపి 157. రెండో పెద్ద స్కోరు శుభ్‌మన్ గిల్ 34. రోహిత్ 14, శ్రేయస్ 27, మొదటి టెస్టు ఆడుతున్న రజత్ పాటీదార్ 32, అక్షర్ 27. అందరూ కుదురుకున్నాక ఔటైనవాళ్లే. అంటే పిచ్‌లో దెయ్యాలేం లేవు, కానీ భవనం మొత్తం ఒక్క స్తంభం మీద నిలబడింది.

రీల్స్‌లో యశస్వి సిక్సులు చూసుంటారు. హార్ట్‌లీని సిక్స్ కొట్టి సెంచరీ చేశాడు, సూపర్. కానీ ఆ రోజు అతను ఆడింది 257 బంతులు. అందులో 17 ఫోర్లు, 5 సిక్సులు, అంటే 22 బంతుల్లో 98 పరుగులు. మిగతా 235 బంతుల్లో వచ్చింది 81 మాత్రమే. ఆ 235 బంతులు ఏ రీల్‌లోనూ ఉండవు. టెస్టు నిలబడేది మాత్రం వాటి మీదే. అవతల బౌలింగ్ చేస్తున్నది 41 ఏళ్ల ఆండర్సన్, గుర్తుంచుకోండి.

ఇక మన వైజాగ్ కుర్రాడు కె.ఎస్. భరత్. సొంత గ్రౌండ్, సొంత జనం. 17 దగ్గర రేహాన్ అహ్మద్ బౌలింగ్‌లో బషీర్‌కి క్యాచ్. ఆరో వికెట్ అదే. తర్వాత రాజ్‌కోట్ టెస్టులో కీపర్ చోటు ధ్రువ్ జురెల్‌కి వెళ్లిపోయింది. స్కోర్‌బోర్డులో 17 చిన్న నంబరే. ఉత్తరాంధ్ర వాళ్లకి మాత్రం ఆ రోజులో గుచ్చుకున్నది అదే.

చివరికి ఏమైంది? రెండో రోజు యశస్వి 209కి ఔట్, ఇండియా 396. అదే రోజు బుమ్రా 45 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. నాలుగో రోజు మనం 106 పరుగులతో గెలిచాం. ఒక్కసారి ఆలోచించండి. ఆ 209లో సగం తీసేస్తే గెలుపు తేడాలో మిగిలేది ఒకటో రెండో పరుగులే!

అందుకే నా మాట ఇది. మొదటి రోజు ఎవరు గెలుస్తారో చెప్పదు. రేపు ఎవరు ఏం చెయ్యాలో చెప్తుంది. ఈసారి టెస్టు మొదలైనప్పుడు స్కోరు చూసి యాప్ మూసేయకండి. సెషన్‌కి ఎన్ని పరుగులు, ఎన్ని వికెట్లు, ఎవరి మీద ఆధారపడ్డారు, ఈ మూడూ చూడండి. మీకు గుర్తున్న బెస్ట్ మొదటి రోజు ఏదో కామెంట్లో చెప్పండి. ఉంటాను మరి.