భాగం 7: ఉష్ణమండల ద్వీపాల్లో విహారయాత్ర – తీరం ఎంతమందిని మోయగలదు?

7.1 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• ఉష్ణమండల ద్వీపాల్లో తెల్లని ఇసుక తీరాలు ఎలా ఏర్పడతాయో వివరించగలరు.
• ధారణ సామర్థ్యం అంటే ఏమిటో, దాన్ని ఏ అంశాలు నిర్ణయిస్తాయో చెప్పగలరు.
• మాల్దీవులు, బొరాకే, మాయా బే ఉదాహరణల ఆధారంగా పర్యాటకుల సంఖ్యపై పరిమితులు ఎందుకు అవసరమో చర్చించగలరు.
• ద్వీపానికి వెళ్లే యాత్రికుల బాధ్యతలను గుర్తించగలరు.

7.2 పరిచయం

సముద్రపు ఒడ్డుకు వెళ్లడం మనకు కొత్త కాదు. కార్తీక పౌర్ణమి నాడు సముద్ర స్నానానికి మంగినపూడికో, సూర్యలంకకో వేలమంది వెళతారు. ఆదివారం సాయంత్రం విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో కూర్చుని మొక్కజొన్న కంకి తినేవారికీ లెక్క లేదు. అయితే ఈ రాకపోకలు చాలావరకు కొన్ని గంటలతో ముగుస్తాయి. వచ్చినవారు తాగే నీరు, తినే తిండి, వదిలే చెత్త – వీటి భారాన్ని తీరం వెనక ఉన్న ఊళ్లూ పట్టణాలూ పంచుకుంటాయి.

ద్వీప విహారం ఇందుకు భిన్నమైనది. యాత్రికులు అక్కడే నాలుగైదు రోజులు ఉంటారు. వారికి కావలసిన నీరు, విద్యుత్తు, ఆహారం అన్నీ ఆ చిన్న నేల మీదే సమకూర్చాలి. వారు వదిలే మురుగునూ చెత్తనూ కూడా ఆ నేలే భరించాలి. మంగినపూడి వెనక కృష్ణా జిల్లా అంతా ఉంది. ద్వీపానికి వెనక కూడా సముద్రమే ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకుంటే, కొన్ని ప్రసిద్ధ ద్వీపాల్లో పర్యాటకులను ఎందుకు పరిమితం చేశారో, కొన్ని తీరాలను ఎందుకు మూసివేశారో సులభంగా అర్థమవుతుంది.

7.3 తెల్లని ఇసుక ఎక్కడి నుంచి వస్తుంది?

భూమధ్యరేఖకు ఇరువైపులా సుమారు 23½ డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్న ప్రాంతాన్ని ఉష్ణమండలం అంటారు. ఈ మండలంలో సముద్రపు నీరు ఏడాది పొడవునా వెచ్చగా ఉంటుంది. వెచ్చని, లోతు తక్కువైన, తేటగా ఉన్న నీటిలో పగడాలు పెరుగుతాయి. పగడం చిన్న జీవి. నీటిలోని కాల్షియంతో అది తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. వేల సంవత్సరాలపాటు ఆ గూళ్లు ఒకదానిపై ఒకటి పేరుకుని ప్రవాళ భిత్తికలు ఏర్పడతాయి.

మన కోస్తా తీరం కూడా ఉష్ణమండలంలోనే ఉంది. అయినా ఇక్కడ పెద్ద ప్రవాళ భిత్తికలు కనిపించవు. గోదావరి, కృష్ణ వంటి నదులు తెచ్చే మంచినీరు, ఒండ్రు సముద్రపు నీటిలో ఉప్పదనాన్నీ తేటదనాన్నీ తగ్గించడమే ఇందుకు ముఖ్య కారణం. మన తీరపు ఇసుక ప్రధానంగా నేలమీది రాళ్లు అరిగి, నదుల ద్వారా వచ్చి చేరినది.

పగడపు దీవుల ఇసుక సముద్రంలోనే పుడుతుంది. అలల తాకిడికి విరిగిన పగడాలు, గవ్వలు, సున్నపు కవచం గల సముద్ర జీవుల అవశేషాలు నలిగి తెల్లని ఇసుకగా మారతాయి. చిలుక చేపలు పగడపు రాతిని గీరి తిని, అరగని సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తాయి. పెద్ద చిలుక చేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుకను తయారుచేయగలదు.

దీన్నిబట్టి ఒక విషయం తెలుస్తుంది. పగడపు దీవిలో ప్రవాళ భిత్తిక, ఇసుక తీరం వేర్వేరు ఆకర్షణలు కావు. భిత్తిక ఇసుకను తయారుచేస్తుంది, పెద్ద అలల బలాన్ని తగ్గించి ఆ ఇసుక కొట్టుకుపోకుండా కాపాడుతుంది. భిత్తిక చనిపోతే తీరం వెంటనే మాయమైపోదు కానీ, క్రమంగా కోతకు గురవుతుంది.

7.4 ధారణ సామర్థ్యం

ఒక ప్రదేశం తన సహజ స్థితి చెడకుండా, స్థానికుల జీవనం దెబ్బతినకుండా, వచ్చినవారి అనుభవం నాసిరకం కాకుండా ఒక కాలంలో ఎంతమందిని భరించగలదో ఆ పరిమితిని ధారణ సామర్థ్యం అంటారు. ఎడ్లబండికి ఎన్ని బస్తాలు వేయవచ్చో రైతుకు తెలిసినట్లే, ప్రతి ద్వీపానికీ మోయగలిగిన బరువు ఒకటి ఉంటుంది.

ఆ పరిమితిని తీరం పొడవు ఒక్కటే నిర్ణయించదు. ముఖ్యంగా మూడు అంశాలు నిర్ణయిస్తాయి: (1) మంచినీరు, (2) మురుగును, చెత్తను శుద్ధిచేసే ఏర్పాటు, (3) తీరాన్ని నిలబెట్టే జీవావరణం. ఈ మూడింటిలో ఏది ముందుగా చాలకపోతే అదే ఆ ద్వీపానికి అసలు పరిమితి అవుతుంది. ఒక్కొక్క అంశాన్ని ఒక్కొక్క ఉదాహరణతో పరిశీలిద్దాం.

7.4.1 మంచినీరు: మాల్దీవులు

హిందూ మహాసముద్రంలోని మాల్దీవులలో సుమారు 1,190 పగడపు దీవులు ఉన్నాయి. వాటిలో దాదాపు 200 దీవుల్లో మాత్రమే స్థానిక ప్రజలు నివసిస్తున్నారు. నదులు లేవు, కొండలు లేవు. ఇక్కడ పర్యాటకం 1972లో మొదలైంది. ఒక్కొక్క నిర్జన ద్వీపాన్ని ఒక్కొక్క రిసార్టుకు కేటాయించే పద్ధతి ఈ దేశానికి ప్రత్యేకత. 2009 తర్వాత స్థానికులు నివసించే దీవుల్లో కూడా గెస్ట్‌హౌస్‌లు పెరిగాయి.

ఇలాంటి దీవిలో కురిసిన వాన ఇసుకలో ఇంకి, ఉప్పునీటిపై తేలుతూ నిలుస్తుంది. మంచినీటి సాంద్రత సముద్రపు నీటి సాంద్రత కంటే తక్కువ కావడమే ఇందుకు కారణం. మధ్యలో మందంగా, అంచుల్లో పలుచగా ఉండే ఈ పొరను మంచినీటి కటకం అంటారు. వాన ఇచ్చేదానికంటే ఎక్కువ నీటిని తోడితే కింది ఉప్పునీరు పైకి వచ్చి బావులు ఉప్పబారతాయి. రాజధాని మాలేలో జరిగింది ఇదే. అందువల్ల ఆ నగరం సముద్రపు నీటి నుంచి ఉప్పును వేరుచేసే నిర్లవణీకరణ యంత్రాలపై ఆధారపడింది.

2014 డిసెంబరు 4న మాలేలోని నిర్లవణీకరణ కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. లక్షమందికి పైగా ప్రజలకు తాగునీరు ఆగిపోయింది. భారతదేశం విమానాల్లోనూ నౌకాదళ ఓడల్లోనూ నీటిని పంపింది. చుట్టూ సముద్రం ఉన్న నగరానికి తాగేందుకు నీరు లేని పరిస్థితి అది. యంత్రాలతో నీటి పరిమితిని పెంచవచ్చు, కానీ అందుకు ఇంధనం, డబ్బు, నిర్వహణ కావాలి. ఆ యంత్రం ఆగిననాడు ద్వీపం తన సహజ పరిమితికే తిరిగి వస్తుంది.

7.4.2 మురుగు: బొరాకే

బొరాకే ఫిలిప్పీన్స్‌లోని చిన్న ద్వీపం. విస్తీర్ణం సుమారు 10 చదరపు కిలోమీటర్లు. 2017లో దాదాపు 20 లక్షలమంది యాత్రికులు వచ్చారు. అనేక హోటళ్లు, ఇళ్లు మురుగు కాలువల వ్యవస్థతో అనుసంధానం కాలేదు. శుద్ధిచేయని మురుగు సముద్రంలో కలిసింది. చివరకు ప్రభుత్వం 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలలపాటు ద్వీపాన్ని పర్యాటకులకు మూసివేసింది. ఆ కాలంలో మురుగు వ్యవస్థను సరిదిద్దారు, రోడ్లు వెడల్పు చేశారు, నీటి అంచుకు మరీ దగ్గరగా కట్టిన నిర్మాణాలను తొలగించారు.

తిరిగి తెరిచేటప్పుడు రెండు సంఖ్యలను నిర్ణయించారు. ఏ సమయంలోనైనా ద్వీపంలో ఉండదగిన పర్యాటకులు 19,215 మంది. రోజుకు కొత్తగా రాదగినవారు 6,405 మంది. మొదటి సంఖ్యను రెండోదానితో భాగించండి. సరిగ్గా 3 వస్తుంది. అంటే ఒక్కొక్కరు సగటున మూడు రోజులు ఉంటారన్న లెక్కతో ఈ రెండు సంఖ్యలూ సరిపోతాయి. యాత్రికులు ఆరు రోజులు ఉంటే రోజుకు రాదగినవారి సంఖ్య సగానికి తగ్గాలి. ఎంతమంది వస్తున్నారన్నదే కాక, ఎన్ని రోజులు ఉంటున్నారన్నది కూడా ధారణ సామర్థ్యంలో భాగమని దీనివల్ల గ్రహించవచ్చు.

సంఖ్యను కాగితంపై నిర్ణయించడం సులభం, అమలు కష్టం. 2022 ఏప్రిల్‌లో ఈస్టర్ సెలవుల్లో బొరాకేలో యాత్రికులు ఈ పరిమితిని మించిపోయారు.

7.4.3 జీవావరణం: మాయా బే

థాయిలాండ్‌లోని ఫీ ఫీ లే ద్వీపంలో, నిటారైన సున్నపురాతి కొండల మధ్య ఉన్న చిన్న అఖాతం మాయా బే. 2000లో విడుదలైన 'ది బీచ్' చలనచిత్రాన్ని ఇక్కడ చిత్రీకరించడంతో అది ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఒక దశలో రోజుకు 5,000 మంది వరకు వచ్చేవారు. వారిని తెచ్చే పడవల లంగర్లు, ఈదేవారి కాళ్ల తొక్కిడి పగడాలను తీవ్రంగా దెబ్బతీశాయి.

2018 జూన్‌లో ప్రభుత్వం ఈ తీరాన్ని మూసివేసింది. మొదట కొన్ని నెలలకే అనుకున్న మూసివేత 2022 జనవరి వరకు కొనసాగింది. ఈలోగా అఖాతంలో పగడాలను తిరిగి నాటారు. అంతకుముందు కనిపించకుండా పోయిన నల్లరెక్కల సొరచేపలు మళ్లీ అఖాతంలోకి వచ్చాయి. తిరిగి తెరిచాక పడవలను లోపలికి రానివ్వడం లేదు. అవి ద్వీపం వెనకవైపు ఆగితే యాత్రికులు నడిచి తీరానికి రావాలి. ఒకేసారి అనుమతించే వారి సంఖ్యకు కూడా హద్దు పెట్టారు.

పర్యాటకుల వల్ల కలిగే నష్టం ఇక్కడ ఆగింది. కానీ పగడాలకు మరో ముప్పు ఉంది. పగడం లోపల సూక్ష్మ శైవలాలు నివసిస్తూ దానికి ఆహారాన్నీ రంగునూ ఇస్తాయి. సముద్రపు వేడి వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా పగడం ఆ శైవలాలను వెళ్లగొట్టి తెల్లబారుతుంది. వేడి తగ్గకపోతే చనిపోతుంది. తీరాన్ని మూసి ఈ వేడిని ఆపలేము. అయితే మురుగు, తొక్కిడి లేని భిత్తికకు తిరిగి కోలుకునే అవకాశం ఎక్కువ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) మంచినీటి కటకం అంటే ఏమిటి?
(ఆ) బొరాకేలో సగటు బస నాలుగు రోజులైతే రోజుకు సుమారు ఎంతమందిని అనుమతించవచ్చు?

7.5 పరిమితి భారం ఎవరిపై పడుతుంది?

మూసివేత నిర్ణయం అందరినీ ఒకేలా తాకదు. బొరాకేలో వేలాదిమంది వంటవారు, పడవ నడిపేవారు, గదులు శుభ్రం చేసేవారు, చిన్న దుకాణదారులు ఆరు నెలలు జీవనోపాధి కోల్పోయారు. మురుగును సముద్రంలోకి వదలాలన్న నిర్ణయంలో వారిలో చాలామందికి ఏ పాత్రా లేదు. లాభం తీసుకున్నవారు ఒకరు, నష్టం భరించినవారు మరొకరు కావడం పర్యాటక ప్రణాళికలో ఎదురయ్యే ముఖ్యమైన న్యాయ సమస్య. యాత్రికులు ఖర్చుచేసే డబ్బులో కొంత భాగం దిగుమతి సరుకుల రూపంలో, బయటి యజమానుల లాభాల రూపంలో ద్వీపం దాటిపోతుంది. దీన్ని ఆదాయ క్షరణ అంటారు.

అందువల్ల పరిమితిని చివర విధించే శిక్షగా కాక, మొదటే వేసుకునే ప్రణాళికగా చూడాలి. ముందుగా పెట్టిన చిన్న హద్దు ఉపాధిని నిలబెడుతుంది. ఆలస్యంగా వచ్చే పెద్ద మూసివేత దాన్ని ఒక్కసారిగా తుంచివేస్తుంది.

7.6 మన దేశంలో ఒక ఉదాహరణ

ముందే హద్దు పెట్టుకున్న తీరాన్ని చూడటానికి మనం అండమాన్ వెళితే చాలు. విశాఖపట్నం నుంచి అక్కడికి ఓడ ప్రయాణ సౌకర్యం ఉంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలూ చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) సమీపంలోని వండూర్ వద్ద 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానం ఏర్పడింది. దానిలోని జాలీబాయ్ ద్వీపానికి అనుమతి పత్రంతోనే వెళ్లాలి. రాత్రి బస లేదు. ప్లాస్టిక్ సీసాలు, సంచులు తీసుకుపోకూడదు. ఏడాదిలో కొన్ని నెలలు జాలీబాయ్‌ను మూసి రెడ్‌స్కిన్ ద్వీపాన్ని తెరుస్తారు. పొలానికి బీడు విరామం ఇచ్చినట్లు తీరానికీ విరామం ఇవ్వడమే ఈ పద్ధతి.

7.7 యాత్రికుల బాధ్యతలు

• పగడంపై నిలబడరాదు, దాన్ని తాకరాదు. ఈత రానివారు తప్పనిసరిగా లైఫ్ జాకెట్ ధరించాలి.
• పగడపు ముక్కలను ఇంటికి తేరాదు. మన దేశంలో పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది.
• ఎండ తగలకుండా పూసుకునే కొన్ని లేపనాల్లోని రసాయనాలు పగడాలకు హానికరం. థాయిలాండ్ తన సముద్ర జాతీయ ఉద్యానాల్లో 2021లో అలాంటి వాటిని నిషేధించింది. పొడుగు చేతుల దుస్తులు మేలు.
• స్నానానికి, బట్టలకు మంచినీటిని పొదుపుగా వాడాలి.
• వీలైనంతవరకు స్థానికులు నడిపే బసలో ఉండి, స్థానిక ఆహారం తినాలి. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకుపోవాలి.

7.8 సారాంశం

పగడపు దీవి తీరాన్ని ప్రాణులు కట్టాయి. అది నిలవడం మంచినీరు, మురుగు శుద్ధి, ప్రవాళ భిత్తిక అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది. మాల్దీవులు మొదటిదాన్ని, బొరాకే రెండోదాన్ని, మాయా బే మూడోదాన్ని మనకు చూపించాయి. యాత్రికుల సంఖ్యకు, బసకు ముందే హద్దు పెట్టడం విహారానికి అడ్డంకి కాదు. ఆ తీరం రేపటివారికి మిగలడానికీ, దానిపై బతికేవారి ఉపాధి నిలవడానికీ అదే ఆధారం.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

1. ధారణ సామర్థ్యాన్ని నిర్ణయించే అంశాలను ఉదాహరణలతో వివరించండి.
2. 'తీరాన్ని మూసివేయడం కంటే ముందే పరిమితి పెట్టడం మేలు.' చర్చించండి.
3. మీకు తెలిసిన ఒక సముద్రతీరాన్ని ఎంచుకుని, అక్కడ ఏ అంశం ముందుగా పరిమితి అవుతుందో కారణాలతో రాయండి.