వేసవిలో విశ్రమించు మొక్కలు

మనకు వాన వెచ్చని నెలలలో వచ్చును. ఫ్రాన్సు దేశపు దక్షిణమున, మధ్యధరా సముద్రమువైపున ఉన్న ప్రొవాన్సు సీమలో వేసవి దాదాపు పొడిగా గడచును. వాన చలికాలపు ముందువెనుకల కురియును. అచ్చటి తోటలో దేనిని నాటవలెనో ఈ భేదమే నిర్ణయించును.

నూనెనిచ్చు ఆలివు, పరిమళించు లావెండరు, రోజ్‌మేరీ ఆ నేలకు తగినవి. లావెండరు ఆకుపై బూడిదవన్నె నూగును, రోజ్‌మేరీ ఆకు అంచులు క్రిందికి మడిగియుండుటయు తేమను కాపాడును. ఆకును చూచియే మొక్క నెన్నుకొనవచ్చునని నా మతము.

శరత్తున నాటినచో వానలతో వేరు దిగి, ఎండలకు సిద్ధమగును. మొదటి వేసవిలో పాదుచేసి, అరుదుగా, నిండుగా నీరు పోయవలెను. వేరూనిన లావెండరునకు జాలిపడి దినదినము నీరు పోసినచో, వెచ్చని తడిమట్టిలో వేరుకుళ్లు తగులును. గులకరాళ్లు కలిసిన, నీరు నిలువని నేలయే దానికి హితము. బలమైన ఎరువు వలదు.

మన తీరపు జిల్లాల పెరళ్లలో లావెండరు వానకాలము దాటుట దుర్లభ మగుటకు ఆ వెచ్చని తడియే కారణము.