పంట రికార్డింగులకు స్వయంచాలక నామకరణం: క్యాలెండరు సంవత్సరమా, పంటకాలమా?

సూక్ష్మదర్శిని కెమెరాను ల్యాప్‌టాప్‌కు కలిపి కీటకాలను చిత్రీకరించడం, ఆన్‌లైన్ శిక్షణలను భద్రపరచడం నేడు పరిశోధన స్థానాలలోను, కృషి విజ్ఞాన కేంద్రాలలోను సాధారణమైంది. ఇందుకు ఉపయోగపడే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఓబీఎస్ స్టూడియో ఒకటి. రికార్డింగ్ మొదలైన సమయాన్ని బట్టి ఇది ప్రతి ఫైలుకు తానే పేరు పెడుతుంది. ఆ పేరు ఎలా ఏర్పడుతుందో, అందులో ఏది లోపిస్తుందో విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవలసిన అవసరం ఉంది.

మార్పులేవీ చేయనప్పుడు పేరు 2022-01-14 10-32-05 అనే రూపంలో ఉంటుంది. సంవత్సరం, నెల, రోజు, ఆపై గంట, నిమిషం, సెకను. మనం చేతితో తేదీ వ్రాసే క్రమానికి ఇది తలక్రిందులు. అయినా ఇదే సరియైనది. పేర్లను అక్షరక్రమంలో అమర్చినప్పుడు కాలక్రమం కూడా దానంతట అదే ఏర్పడుతుంది. రోజును ముందు పెడితే జనవరి 14, మార్చి 14 రికార్డింగులు పక్కపక్కన చేరుతాయి. సమయంలో రెండు చుక్కలకు బదులు అడ్డగీత ఉండడానికి కారణం, విండోస్ ఫైలు పేర్లలో రెండు చుక్కలను అనుమతించకపోవడమే.

చిక్కు సంవత్సరం వద్ద వస్తుంది. 2021లో మిరపపై త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు విజృంభించి గుంటూరు, ఖమ్మం ప్రాంతాల రైతులను తీవ్రంగా దెబ్బతీసింది. ఆ పైరు ఖరీఫ్‌లో నాటినదే అయినా పూత, కాపు దశలు జనవరి దాటి కొనసాగాయి. సంవత్సరం వారీగా ఫోల్డర్లు ఏర్పరచిన చోట నవంబరులో పూలలో కనిపించిన పురుగు 2021లోను, అదే మడిలో జనవరిలో తీసిన దృశ్యం 2022లోను చేరుతాయి. ఉధృతి ఏ దశలో పెరిగిందో తరువాత పరిశీలించేవారికి ఒకే పైరు రెండు పైర్లుగా కనిపిస్తుంది. రబీ పంటలన్నిటికీ ఇదే సమస్య.

కనుక ఫోల్డరును పంటకాలాన్ని బట్టి, ఫైలు పేరును తేదీని బట్టి ఉంచడం మేలని నా అభిప్రాయం. సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ విభాగంలో, రికార్డింగ్ శీర్షిక క్రింద, ఫైలు పేరు రూపాన్ని నిర్ణయించే గడి ఉంది. అందులో శాతం గుర్తుతో మొదలయ్యే సంకేతాలు తేదీ, సమయాలుగా మారుతాయి. మనం టైపు చేసిన మిగతా మాటలు యథాతథంగా పేరులో చేరుతాయి. ఏటవాలు గీతకు ముందున్న భాగం ఫోల్డరు అవుతుంది. మిరప-ఖరీఫ్-2021 అని వ్రాసి, ఏటవాలు గీత పెట్టి, తరువాత తేదీ సంకేతాలు ఉంచితే చాలు. ఈ అమరిక ప్రొఫైలుతో పాటు భద్రమవుతుంది గనుక పంటకొక ప్రొఫైలు, తరగతి పాఠాలకు మరొకటి ఏర్పరచుకోవచ్చు. సమయ సంకేతాన్ని మాత్రం తొలగించరాదు. అది లేకుండా, ఉన్న ఫైలుపైనే వ్రాయమనే ఎంపికను కూడా గుర్తిస్తే రెండవ రికార్డింగు మొదటిదానిని చెరిపివేస్తుంది.

పదాల ఎంపిక చిన్న విషయం కాదు. ఒక కేంద్రం ఖరీఫ్ అని, మరొకటి వానాకాలం అని వ్రాస్తే ఒకే వెతుకులాటలో రెండూ దొరకవు. ఏదో ఒకదానిని ప్రయోగం మొదట్లోనే నిర్ణయించాలి.

నాటిన తరువాత ఎన్ని రోజులన్నది పేరులో చేర్చనక్కరలేదు. నాటిన తేదీ ప్రయోగ పుస్తకంలో ఉంటే లెక్కకట్టవచ్చు. అయితే ల్యాప్‌టాప్ గడియారం తప్పుగా ఉంటే ఈ లెక్కంతా తప్పుతుంది. పాత యంత్రాలలో లోపలి బ్యాటరీ క్షీణించి తేదీ మారిపోవడం అరుదు కాదు.

మడి సంఖ్య, పిచికారీ చేసిన మందు, పునరావృతం వంటివి సాఫ్ట్‌వేరుకు తెలియవు. లువా లేదా పైథాన్ స్క్రిప్టులతో పేరును మరింత మలచవచ్చు గాని, మడి మారిన ప్రతిసారీ ఆ సమాచారాన్ని మనిషే అందించాలి. ఇంతకంటె సులభమైనది, రికార్డింగ్ తొలి అయిదు సెకన్లు మడి చీటీని కెమెరా ముందు ఉంచడం. పేరు పోయినా చీటీ దృశ్యంలోనే మిగులుతుంది. పేరు పోయే సందర్భాలు తక్కువేమీ కావు: వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఆండ్రాయిడ్ ఫోనులో అది వీఐడీ అనే అక్షరాలు, అందుకున్న తేదీ, ఒక వరుస సంఖ్యతో కొత్త పేరు ధరిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు పేరే ఉంటుంది, దృశ్య నాణ్యత కూడా తగ్గదు.