కంప్యూటర్ అంపైర్ పొరబడేదెలా?

పైథాన్ క్లాసులో పిల్లల చేత చిన్న బేస్‌బాల్ ఆట రాయిస్తున్నాను. రెండో ఏడాది చదివే అమ్మాయి లేచి అడిగింది: "సార్, బంతి ఎక్కడి నుంచి వెళ్లిందో లెక్కగట్టింది మన ప్రోగ్రామే. ఏది ఒప్పో దానికి ముందే తెలుసు. మరి అంపైర్ పొరబడటం ఎలా రాయాలి? తెలిసి తెలిసి అబద్ధం చెప్పించాలా?"

కంప్యూటర్ చేత తప్పు లేకుండా పని చేయించడానికే మన చదువులన్నీ. మనిషి పొరబడే తీరులోనే యంత్రాన్ని పొరబడనివ్వడం సిలబస్‌లో ఎక్కడా ఉండదు. వీడియో గేములు తయారు చేసేవాళ్లకు మాత్రం అది తప్పనిసరి పని. అందరికంటే ఎక్కువగా బేస్‌బాల్ గేములవాళ్లకు.

డీఆర్‌ఎస్ గొడవలన్నీ చూసిన మన పాఠకులకు ఆ ఆట గురించి నాలుగు ముక్కలు చెబితే చాలు. పిచర్ విసురుతాడు, బ్యాటర్ ఎదురుగా నిలబడతాడు, వెనక క్యాచర్ గొంతుక్కూర్చుంటాడు, అతని భుజం మీదుగా అంపైర్ చూస్తుంటాడు. నేల మీద 17 అంగుళాల వెడల్పున ప్లేటు. దాని పైన, బ్యాటర్ మోకాళ్ల దగ్గర నుంచి ఛాతీ కింది దాకా, కంటికి కనిపించని ఒక పెట్టె. బ్యాటర్ ఆడకుండా వదిలేసిన బంతి ఆ పెట్టెను ఏ కొసనైనా తాకితే స్ట్రైక్, లేకపోతే బాల్. మూడు స్ట్రైకులైతే అవుట్, నాలుగు బాల్స్ అయితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితం. గంటకు 95 మైళ్ల బంతి ప్లేటు చేరడానికి సెకనులో 0.4 వంతు పడుతుంది. ఎల్బీడబ్ల్యూ లాంటి తీర్పే, కాకపోతే ఒక్కో మ్యాచ్‌లో నూటయాభై దాకా చెప్పాలి. ఇప్పటి అంపైర్లు వందలో తొంభైకి పైగా సరిగ్గానే చెబుతారు. అయినా మ్యాచ్‌కు పది దాకా తప్పులు మిగులుతాయి.

ఆ పదింటి మీదే ఆటలో సగం ఉద్వేగం నడుస్తుంది. బాల్టిమోర్ ఓరియోల్స్ మేనేజర్ అర్ల్ వీవర్‌ను అంపైర్లు ఆయన ఉద్యోగ జీవితంలో 90 సార్లకు పైగా మైదానం బయటికి పంపారు. రాన్ లూసియానో అనే అంపైర్‌తో ఆయన వైరం మైనర్ లీగుల నాటిది. అప్పట్లోనే ఒక సిరీస్‌లో వరసగా నాలుగు మ్యాచ్‌ల్లోనూ లూసియానో ఆయన్ని గెంటేశాడు. 1987లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ వీవర్ పేరుతోనే బేస్‌బాల్ గేము తెచ్చింది. డాన్ డాగ్లో, ఎడ్డీ డాంబ్రోవర్ ఆయన్ని కూర్చోబెట్టి వ్యూహాలన్నీ అడిగి, వాటిని కంప్యూటర్ మేనేజర్ బుర్రలో పెట్టారు. మేనేజర్ బుర్రను అలా పెట్టినప్పుడు, అంపైర్ కన్నును ఎలా పెట్టాలి?

మొదట ఎవరికైనా తట్టేది బొమ్మా బొరుసూ పద్ధతి. ముందు సరైన తీర్పు తీసుకో, ఆ తర్వాత వందలో ఏడు సార్లు దాన్ని తిప్పేయ్. మా క్లాసులో కూడా చాలామంది ఇదే రాశారు. ఆడి చూస్తే దాని లోపం వెంటనే బయటపడింది. పెట్టె నడిబొడ్డు నుంచి వెళ్లిన బంతిని అంపైర్ బాల్ అన్నాడు. నేలకు కొట్టుకుని లేచినదాన్ని స్ట్రైక్ అన్నాడు. తప్పుల లెక్క మనుషుల లెక్కతో సరిపోయింది, తీరు ఎక్కడా సరిపోలేదు. మనిషి నడిబొడ్డున పొరబడడు. అంచు దగ్గరే పొరబడతాడు.

అంటే నియమ పుస్తకంలో పెట్టె అంచు నిలువు గోడ అయితే, అంపైర్ కంటిలో అది ఏటిగట్టులా వాలుగా ఉంటుంది. ఆ వాలును గణితంలో రాసే సూత్రం చాలా పాతది. 19వ శతాబ్దంలో బెల్జియం గణితవేత్త పియెర్ ఫ్రాన్స్వా వెర్హుల్స్ట్ జనాభా పెరుగుదల కోసం కనిపెట్టిన లాజిస్టిక్ వక్రరేఖ అది. బంతి అంచుకు ఎన్ని అంగుళాల లోపలో, ఎన్ని అంగుళాల బయటో ఇస్తే, స్ట్రైక్ అనే అవకాశం ఎంతో చెబుతుంది. వాలు కొలత ఒక అంగుళం అనుకుందాం. సరిగ్గా అంచు మీద వందకు 50. అంగుళం బయటికి పోతే 27. రెండు అంగుళాలకు 12. మూడింటికి 5. ఆరు అంగుళాలు దాటితే వెయ్యికి రెండే. లోపలి వైపు ఇవే అంకెలు తలకిందులవుతాయి. ఇప్పుడు పాచిక వేయండి. అంపైర్ అంచు మీద తడబడతాడు, మధ్యలో తడబడడు. ఒక్క వరుస కోడ్ మార్చితే తెర మీద మనిషి ప్రత్యక్షమైనట్టు అనిపిస్తుంది. ఈ సూత్రం చేసే పనిని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అబద్ధం చెప్పించనక్కర్లేదు. నిజం ఎక్కడుందో ప్రోగ్రాముకు తెలుసు, అంపైర్‌కు తెలియదు. ప్రోగ్రాము లోపల అంపైర్ అనే వేరే పాత్రను నిలబెట్టి, అతనికి కాస్త మసకబారిన చూపు ఇస్తాం. అతను తనకు కనిపించింది నిజాయితీగా చెబుతాడు.

అయితే ఆ చూపు అన్నివేళలా ఒకేలా ఉండదని కొలతలు చెప్పాయి. 2006లో మొదలై 2008 నాటికి మేజర్ లీగ్ మైదానాలన్నింటిలో పిచ్ ఎఫ్ఎక్స్ అనే కెమెరాల ఏర్పాటు వచ్చింది. ప్రతి బంతీ ప్లేటును ఎక్కడ దాటిందో మొదటిసారిగా నమోదైంది. ఆ సమాచారాన్ని తవ్విన జాన్ వాల్ష్ 2010లో ఒక చిత్రం చూపించాడు. మూడు బాల్స్ పడి స్ట్రైక్ ఒక్కటీ లేనప్పుడు అంపైర్ పెట్టె పెద్దదవుతుంది. రెండు స్ట్రైకులు పడి బాల్ ఒక్కటీ లేనప్పుడు కుంచించుకుపోతుంది. మొదటిది రెండోదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఓడిపోతున్నవాడి మీద అంపైర్‌కు తెలియకుండానే జాలి కలుగుతోందని వాల్ష్ అన్నాడు. మూడు బాల్స్ తర్వాత పిచర్ ఎలాగూ మధ్యకే విసురుతాడన్న అంచనా అంపైర్ కంటిని లాగుతోందని ఇంకో వివరణ ఉంది. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. కోడ్ రాసేవాడికి మాత్రం ఏదైనా ఒకటే. కౌంట్‌ను, అంటే అప్పటిదాకా పడ్డ బాల్స్, స్ట్రైకుల లెక్కను బట్టి వాలును అంగుళమో అరంగుళమో బయటికో లోపలికో జరిపితే సరిపోతుంది.

క్యాచర్ చేయి కూడా ఆ వాలును జరుపుతుంది. బయట పడ్డ బంతిని చేయి అదరకుండా, మెత్తగా లోపలికి లాగుతూ పట్టడం క్యాచర్ల విద్య. 2011లో మైక్ ఫాస్ట్ దాన్ని పరుగుల్లోకి మార్చి లెక్కగట్టినప్పుడు, బ్యాటుతో పెద్దగా రాణించని జోస్ మోలినా ఒక్కసారిగా విలువైన ఆటగాడిగా తేలాడు. ఫాస్ట్‌ను తర్వాత హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు ఉద్యోగంలోకి తీసుకుంది. వెంటనే ముందటి బంతి నీడ కూడా పడుతుంది: ఇప్పుడే స్ట్రైక్ అన్న అంపైర్ మరుసటి బంతిని స్ట్రైక్ అనే అవకాశం ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుందని 2016లో ముగ్గురు ఆర్థికవేత్తలు చూపారు. అంత చిన్నదాన్ని గేములో పెట్టినా ఆడేవాడికి తెలియదు. నేనైతే వదిలేస్తాను.

వదలకూడనిది ఒకటుంది. పొరపాటును పొరలుగా విడదీయాలి. ప్రతి బంతికీ కొత్త పాచిక మాత్రమే వేస్తే అంపైర్‌కు స్వభావం ఉండదు, ఆడేవాడు అతని గురించి ఏమీ నేర్చుకోలేడు. అలాగని ఈ అంపైర్ ఎప్పుడూ కింది బంతులకు స్ట్రైక్ ఇస్తాడు అని స్థిరంగా రాసేస్తే, రెండు ఇన్నింగ్స్ తర్వాత అది పొరపాటు కాకుండా మారిన నియమం అయిపోతుంది. అందుకే మనిషికి పుట్టుకతో వచ్చే పొర ఒకటి, ఆ రోజుకు పరిమితమైనది ఒకటి, బంతి బంతికీ మారేది ఒకటి. ఈ మూడూ కలిసినప్పుడు తెర ముందు కూర్చున్న కుర్రాడు "ఇవాళ ఈయన బయటివి ఇస్తున్నాడు, అక్కడే వేద్దాం" అనుకుంటాడు. నిజమైన పిచర్లు చేసేదీ అదే. సోనీ వాళ్ల ఎంఎల్‌బీ ది షో గేములో అంపైర్‌ను నిక్కచ్చిగా పెట్టుకోవాలా, మనిషిలా పెట్టుకోవాలా అని సెట్టింగుల్లో ఎంచుకునే వీలు అందుకే ఇచ్చారు.

ఇక అంపైర్ తీర్పును సవాలు చేయడం సంగతి. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో అర్మాండో గలరాగా వరసగా 26 మంది బ్యాటర్లను అవుట్ చేశాడు. 27వ వాడు మొదటి బేస్‌కు అడుగు ముందే అవుటయ్యాడు. అంపైర్ జిమ్ జాయిస్ చేతులు చాచి సేఫ్ అన్నాడు. ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని పరిపూర్ణ మ్యాచ్ అలా పోయింది. రీప్లే చూసుకున్న జాయిస్ కన్నీళ్లతో తప్పు ఒప్పుకున్నాడు. మొదటి బేస్ దగ్గర అంపైర్లు కంటితో కాలిని చూస్తూ, బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడును చెవితో పడతారు. అంపైర్ ఐదు మీటర్ల దూరంలో ఉంటే ఆ చప్పుడు చేరడానికి సెకనులో వెయ్యింట 15 వంతులు పడుతుంది. ఆ వ్యవధిలో పరుగెత్తేవాడు 13 సెంటీమీటర్లు ముందుకొస్తాడు. జాయిస్ పొరపాటు దీనివల్లే జరిగిందని కాదు. గేములో దగ్గరి తీర్పును రాసేటప్పుడు మసకను దూరంలో కాక కాలంలో పెట్టాలని చెప్పడానికి ఇది చాలు.

2014లో మేజర్ లీగ్ మేనేజర్లకు రీప్లే సవాళ్లు ఇచ్చింది, తీర్పు న్యూయార్క్‌లోని కేంద్రం నుంచి వస్తుంది. బాల్, స్ట్రైక్‌లను మాత్రం చాలాకాలం ముట్టుకోలేదు. 2024లో దక్షిణ కొరియా లీగ్ ఆ తీర్పులన్నింటినీ యంత్రానికే అప్పగించింది. అమెరికావాళ్లు మధ్యే మార్గంగా 2026 సీజన్ నుంచి జట్టుకు రెండు సవాళ్లు ఇస్తున్నారు. పిచర్, క్యాచర్, బ్యాటర్‌లలో ఒకరు వెంటనే తల తట్టి అడగాలి. గెలిస్తే సవాలు చేతిలోనే ఉంటుంది. మనకు అలవాటైన అంపైర్స్ కాల్ అక్కడ లేదు, వెంట్రుకవాసి తాకినా స్ట్రైకే. తీర్పు చెప్పేది హాక్ ఐ కెమెరాలు. క్రికెట్ కోసం పాల్ హాకిన్స్ బృందం తయారు చేయగా 2001లో టీవీకెక్కిన హాక్ ఐ అదే. 2011లో సోనీ దాన్ని కొనేసింది. అంటే మనిషిలా పొరబడే అంపైర్ ఉన్న గేమూ, అంపైర్ పొరపాటు పట్టే కెమెరాలూ ఇప్పుడు ఒకే సంస్థవి.

గేములో ఈ సవాలు రాయడం సులువనుకుంటారు. నిజం ఎలాగూ దాచి పెట్టుకున్నాం, తీసి చూపిస్తే సరి. అది సగమే. ఎదుటి జట్టును ఆడించేదీ కంప్యూటరే కాబట్టి, దానికి ఆ నిజం కనిపిస్తే ఒక్క సవాలూ ఓడదు. దాని కళ్లకూ గంత కట్టాలి. క్యాచర్‌కు తక్కువ మసక, బ్యాటర్‌కు కాస్త ఎక్కువ, అరవై అడుగుల దూరంలో ఉన్న పిచర్‌కు ఇంకా ఎక్కువ. 2025 వసంతకాలపు సన్నాహక మ్యాచ్‌ల్లో పరీక్షించినప్పుడు జరిగిందీ అదే. మొత్తం సవాళ్లలో సగం దాకా నెగ్గాయి. క్యాచర్లవి 56 శాతం, బ్యాటర్లవి 50, పిచర్లవి 41. ఆ పైన లాభనష్టాలు బేరీజు వేయాలి. మొదటి ఇన్నింగ్స్ మొదటి బంతికి సవాలు వృథా చేస్తే ముందు ముందు బాగా అవసరమైనప్పుడు ఉండదు, కాబట్టి బాగా నమ్మకం ఉంటేనే అడగాలి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బేసులన్నీ నిండి, మూడు బాల్స్ రెండు స్ట్రైకులు ఉన్నప్పుడు, దాచుకున్న సవాలుకు విలువే లేదు. పదింట ఒక వంతు ఆశ ఉన్నా అడిగేయాలి.

తెర ముందు కూర్చున్న మనిషి కళ్లకూ గంత కట్టాల్సిందే. ప్రతి బంతి తర్వాత అది దాటిన చోట ఒక చుక్క పెట్టి చూపించే గేములు ఎన్నో ఉన్నాయి. చుక్క కనిపిస్తుంటే సవాలు చేయడంలో సాహసం ఏముంది? సవాలు ఉన్న గేములో ఆ చుక్క రివ్యూ దాకా దాగి ఉండాలి. ఈ విషయంలో నేను రాజీ పడను. ఆడేవాళ్లు మొదట సణిగినా సరే.

క్రికెట్ గేములు రాస్తున్న మన కుర్రాళ్లకు ఒక మాట. బేస్‌బాల్ సావంత్ అనే వెబ్‌సైట్‌లో ప్రతి బంతి ప్లేటు దాటిన చోటు, అంపైర్ తీర్పు, అప్పటి కౌంట్ పక్కపక్కనే ఉంటాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ముందు దాని మీద వాలు గీయడం నేర్చుకోండి. ఆ తర్వాత ఎల్బీడబ్ల్యూకు దిగండి. అక్కడ బంతి ఎక్కడ పడింది, ప్యాడ్‌ను ఎక్కడ తాకింది, వికెట్లను తగిలేదా అని మూడు వాలులు కలిపి రాయాలి. స్పిన్నర్‌కు ఒక మసక, ఫాస్ట్ బౌలర్‌కు ఒక మసక, ముందుకొచ్చి ఆడే బ్యాటర్‌కు ఇంకోటి ఇవ్వాలి. బేస్‌బాల్ అంపైర్ కంటే మన అంపైర్‌ను రాయడం చాలా కష్టం. ఆ పని ఎవరైనా మొదలుపెట్టండి.