పరిశ్రమ ప్రమాణ నిష్పత్తులు - చిన్న వ్యాపారాల పన్ను పరిశీలన

ఒక కాఫీ హోటలు యజమాని నగదు అమ్మకాలలో కొంత భాగాన్ని లెక్కల్లో చూపలేదనుకోండి. పన్ను అధికారికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? గల్లాపెట్టె దగ్గర ఎవరూ కాపలా ఉండరు. అయితే అమ్మకాలను దాచినంత తేలికగా కొనుగోళ్లను దాచలేం. పాలు, కాఫీ గింజలు అమ్మినవారి పుస్తకాల్లోనూ ఆ లావాదేవీలు ఉంటాయి. పైగా ఖర్చు చూపితేనే పన్ను తగ్గుతుంది కనుక యజమాని ఖర్చులన్నీ చూపుతాడు. దాంతో అమ్మకాలలో ఖర్చుల శాతం తోటి వ్యాపారుల కంటే ఎక్కువగా కనబడుతుంది.

ఈ సూత్రాన్ని బహిరంగంగా అమలు చేస్తున్న సంస్థ ఆస్ట్రేలియా పన్నుల కార్యాలయం. వ్యాపారులు దాఖలు చేసిన రిటర్నుల సమాచారం నుంచే అది బేకరీలు, క్షౌరశాలలు, ప్లంబింగు పనులు మొదలైన 100కు పైగా వ్యాపారాలకు ప్రమాణ నిష్పత్తులను లెక్కగట్టి ప్రచురిస్తుంది. ప్రతి వ్యాపారాన్నీ టర్నోవరును బట్టి వర్గాలుగా విభజించి, ఒక్కో వర్గానికి కనిష్ఠ, గరిష్ఠ శాతాలను ఇస్తుంది. అమ్మిన సరుకు వ్యయం, మొత్తం ఖర్చులు, జీతాలు, అద్దె వంటివి ఇందులో ముఖ్యమైనవి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. ఒక కాఫీ హోటలు 2,00,000 డాలర్ల అమ్మకాలు, 1,10,000 డాలర్ల సరుకు వ్యయం చూపింది. అంటే నిష్పత్తి 55 శాతం. ఆ వర్గానికి గరిష్ఠ ప్రమాణం 40 శాతం అనుకుందాం. అంత సరుకు వాడిన హోటలు అమ్మకాలు కనీసం 2,75,000 డాలర్లు ఉండాలి (1,10,000 ÷ 0.40). తేడా 75,000 డాలర్లు.

ఈ తేడా పన్ను ఎగవేతకు రుజువా? కాదు. సరుకు పాడై ఉండవచ్చు, పక్కన కొత్త హోటలు వచ్చి ధరలు తగ్గించాల్సి రావచ్చు, దొంగతనం జరిగి ఉండవచ్చు. యజమాని కుటుంబం వాడుకున్న సరుకును ఖర్చులోంచి తీసివేయకపోవడం కూడా తరచూ జరిగే పొరపాటే. నిష్పత్తి ఎవరిని ప్రశ్నించాలో మాత్రమే చెబుతుంది. చిక్కంతా ఆ తర్వాత ఉంది. రోజువారీ బిల్లులు, టిల్లు చీటీలు, బ్యాంకు వివరాలు లేని వ్యాపారి తన కారణాన్ని నిరూపించలేడు. అప్పుడు అధికారులు ప్రమాణ నిష్పత్తినే ఆధారం చేసుకొని ఆదాయాన్ని మదింపు చేయవచ్చు. ఆ మదింపు తప్పని చూపే భారం వ్యాపారిదే. నిజాయతీగా ఉండి, చీటీలు దాచుకోనివాడు ఇక్కడే ఎక్కువగా నష్టపోతాడు.

మన దేశంలో నిష్పత్తిని మరో రకంగా వాడారు. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అర్హత గల చిన్న వ్యాపారి టర్నోవరులో 8 శాతాన్ని, బ్యాంకు లేదా డిజిటల్ మార్గంలో వచ్చిన మొత్తంపై 6 శాతాన్ని లాభంగా చూపితే చాలు, వివరమైన ఖాతా పుస్తకాలు అక్కరలేదు. పథకంలో ఉన్న కిరాణా వ్యాపారి మరుసటి ఏడాది అంతకన్నా తక్కువ లాభం చూపి, అతని ఆదాయం పన్ను లేని పరిమితిని దాటితే, పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి. ఆస్ట్రేలియాలో నిష్పత్తి అనుమానానికి మొదలు, ఇక్కడ అదే పన్నుకు కొలత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలోని యజమాని 20,000 డాలర్ల సరుకును సొంతానికి వాడుకున్నట్లు రుజువు చేస్తే, అతని నిష్పత్తి ఎంత? తేడా ఎంతకు తగ్గుతుంది?