గురక, నిద్రాశ్వాసావరోధం: దంతవైద్యుల పాత్ర - పరిశీలన

వ్యాససంగ్రహం:
గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించడం తెలుగు సమాజంలో పరిపాటి. కొందరిలో అది నిద్రలో ఊపిరి ఆగిపోయే రుగ్మతకు సూచన. ఈ రుగ్మతను గుర్తించడంలో, అదుపు చేయడంలో దంతవైద్యుల పాత్రను, ఆ పాత్రకు గల హద్దులను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: గురక, నిద్రాశ్వాసావరోధం, మల్లంపాటి వర్గీకరణ, దవడ పరికరం, దంతవైద్యం.

1. ఉపోద్ఘాతం:
"గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు" అన్న మాట తెలుగువారి వాడుకలో నిశ్చింతను తెలుపుతుంది. గాఢనిద్రకు ఉపమానం కుంభకర్ణుడు. హాస్యసన్నివేశాల్లో గురక నవ్వు పుట్టించే సాధనం. గురక పెట్టే మనిషి హాయిగా నిద్రపోతున్నాడన్న ఈ భావన వల్ల, వైద్యులను సంప్రదించవలసినవారు కూడా ఆ ఆలోచన చేయరు. అయితే వీరిలో పలువురు పంటినొప్పికో, కట్టుడుపళ్లకో దంతవైద్యుల దగ్గరకు వెళ్తారు. నాలుకను, అంగిలిని, దవడను వెలుతురులో దగ్గరగా పరిశీలించే అవకాశం అప్పుడు దంతవైద్యులకు లభిస్తుంది. ఈ రుగ్మత విషయంలో వారి పాత్ర అక్కడే మొదలవుతుంది.

2. గురక - నిద్రాశ్వాసావరోధం:
మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలిదారిని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు నాలుక మొదలు వెనక్కి జారుతుంది. ఇరుకైన ఆ దారిలో గాలి పోతున్నప్పుడు మెత్తని అంగిలి, కొండనాలుక అదరడం వల్ల పుట్టే ధ్వనే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే ఊపిరి ఆగుతుంది. ఈ రుగ్మతనే వైద్యులు స్లీప్ ఆప్నియా అంటారు. 'ఆప్నియా' గ్రీకు మూలం గల పదం; ఊపిరి లేకపోవడం అని దాని అర్థం. గాలిదారి మూసుకుపోవడం వల్ల కలిగే ఈ స్థితిని 'నిద్రాశ్వాసావరోధం' అనవచ్చు.

ఊపిరి కనీసం 10 సెకన్లపాటు ఆగినా, గణనీయంగా తగ్గినా దాన్ని ఒక అవరోధంగా లెక్కిస్తారు. పెద్దవారిలో గంటకు సగటున ఇటువంటివి 5 నుంచి 15 లోపు ఉంటే స్వల్పం, 15 నుంచి 30 లోపు ఉంటే మధ్యస్థం, 30 లేదా అంతకు మించితే తీవ్రం. ఊపిరి ఆగినప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు క్షణకాలం మేల్కొని గొంతును తిరిగి తెరిపిస్తుంది. నిద్రించే మనిషికి ఇదేదీ గుర్తుండదు. పొద్దున తలనొప్పి, పగటిపూట కునుకు మాత్రం మిగులుతాయి. అధిక రక్తపోటుతోనూ ఈ రుగ్మతకు సంబంధం ఉంది. రాత్రిపూట లారీ నడిపే మనిషికి ఆ కునుకు ప్రాణాంతకం కావచ్చు.

3. నోటి పరీక్ష - మల్లంపాటి వర్గీకరణ:
నోటిని చూసి గాలిదారి ఇరుకును అంచనా వేసే పద్ధతుల్లో ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్నది ఒక తెలుగువారి ఇంటిపేరుతో ప్రసిద్ధమైంది. గుంటూరు ప్రాంతంలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్‌లో మత్తువైద్య నిపుణులుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు 1985లో దీన్ని ప్రతిపాదించారు. శస్త్రచికిత్సకు ముందు శ్వాసనాళంలోకి గొట్టం అమర్చడం ఎంత కష్టమో ఊహించడానికి ఇది ఉద్దేశించింది. కూర్చున్న రోగిని నోరు బాగా తెరిచి నాలుక బయటపెట్టమని అడుగుతారు. కొండనాలుక, దాని పక్కనున్న మడతలు స్పష్టంగా కనిపిస్తే మొదటి తరగతి. మూడు తరగతులుగా ఉన్న ఈ వర్గీకరణకు 1987లో నాలుగోది చేరింది. అందులో గట్టి అంగిలి తప్ప మరేదీ కనిపించదు. తర్వాతి కాలంలో ఈ పద్ధతి నిద్రవైద్యంలోకీ వచ్చింది.

వెనక్కి ఉన్న కింది దవడ, ఇరుకైన ఎత్తయిన అంగిలి, అంచుల్లో పళ్ల గాట్లు పడిన నాలుక, పెద్దవైన టాన్సిల్స్, అరిగిన పళ్లు కూడా అనుమానానికి తావిస్తాయి. వీటిలో ఏదీ ఒక్కటే రోగాన్ని నిర్ధారించదు. పగటి కునుకు గురించి, రాత్రి ఊపిరి ఆగడాన్ని ఇంట్లోవారు గమనించారా అన్న దాని గురించి అడిగి, రోగిని నిద్రపరీక్షకు పంపడం దంతవైద్యుల కర్తవ్యం.

4. దవడ పరికరం - పనితీరు:
ముక్కుకు తొడుగు అమర్చి గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ యంత్రాన్ని 1981లో ఆస్ట్రేలియాకు చెందిన కొలిన్ సల్లివన్ బృందం పరిచయం చేసింది. అవరోధాల సంఖ్యను తగ్గించడంలో అది దవడ పరికరం కంటే సమర్థమైనది. కానీ తొడుగుతో నిద్రించలేక మానేసేవారు ఎందరో ఉన్నారు. వారికి ప్రత్యామ్నాయం దంతవైద్యులు తయారుచేసే దవడ పరికరం.

పై పళ్లకు ఒకటి, కింది పళ్లకు ఒకటిగా రెండు తొడుగులు ఉండి, కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు నిలిపి ఉంచడం దీని పద్ధతి. దవడ ముందుకు వస్తే దానికి అంటుకున్న నాలుక కూడా ముందుకు వస్తుంది. వెనుక దారి తెరుచుకుంటుంది. పళ్ల అచ్చు తీసి ప్రతి రోగికీ విడిగా దీన్ని తయారుచేస్తారు. తర్వాత కొన్ని వారాలపాటు దవడను కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ సరిచేస్తారు.

5. హద్దులు:
పరికరం పెట్టగానే గురక తగ్గవచ్చు. శబ్దం ఆగినంత మాత్రాన అవరోధం తొలగినట్లు కాదు. ఇల్లు నిశ్శబ్దమైనా రోగి ఊపిరి ఆగుతూనే ఉండవచ్చు. నిద్రపరీక్ష లేకుండా పరికరం ఇస్తే, ఉన్న ఒక్క హెచ్చరికను కూడా చెరిపివేసినట్లవుతుంది. అందుకే అమెరికా నిద్రవైద్య, దంత నిద్రవైద్య సంస్థలు 2015లో సంయుక్తంగా వెలువరించిన మార్గదర్శకాలు పరికరం అమర్చిన తర్వాత మళ్లీ నిద్రపరీక్ష జరపాలని సూచించాయి.

పళ్లు తగినన్ని లేనివారికి, చిగుళ్ల వ్యాధి ముదిరినవారికి, దవడ కీలు నొప్పి ఉన్నవారికి ఈ పరికరం తగకపోవచ్చు. ఏళ్ల తరబడి వాడితే పై పళ్లు, కింది పళ్లు కలిసే తీరు మారుతుంది. వేడినీళ్లలో మెత్తబరచి కొరికి అమర్చుకునే అంగడి పరికరాలను పర్యవేక్షణ లేకుండా వాడితే, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమవుతుంది.

6. ముగింపు:
• గురక నిద్ర గాఢతకు కొలమానం కాదు. అది పరీక్షించవలసిన సూచన.
• అనుమానించడం, పరికరం అమర్చడం, దాన్ని ఏళ్ల తరబడి పర్యవేక్షించడం దంతవైద్యుల పని. రోగనిర్ధారణ నిద్రవైద్య నిపుణుల పని.
• చికిత్స ఫలితాన్ని గురక ఆగడంతో కాక, ఊపిరి నిలకడతో కొలవాలి. ఈ భేదాన్ని రోగికి, కుటుంబానికి తెలుగులో విడమరిచి చెప్పడం కూడా చికిత్సలో భాగమే.