ఊక బొగ్గుకు చిక్కే మందులు

పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం ఒకే ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. శుద్ధి చేసి వదిలిన ఆ నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు.

ఇలాంటి నీటితో వాగులో కలిసిన యాంటీబయాటిక్ బలహీనమైన బ్యాక్టీరియాను చంపి, తట్టుకోగల వాటికి చోటిస్తుంది. ఆ తట్టుకునే గుణం జన్యువుల ద్వారా రోగకారక క్రిములకూ పాకవచ్చు. మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మందిని నేరుగా బలిగొందని అంచనా. మామూలు శుద్ధి కేంద్రాల్లో మురికిని తినేది బ్యాక్టీరియాయే. దాన్ని చంపడానికే తయారైన మందును దానిచేతే జీర్ణం చేయించడం కష్టం. అందుకే మరో దారి కావాలి.

అలాంటి దారుల్లో ఒకటి బయోచార్. ఊక, పత్తి కట్టె, వేరుశనగ పొట్టు వంటి వాటిని గాలి దాదాపు ఆడని కొలిమిలో 300 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే బూడిద కాకుండా బొగ్గు మిగులుతుంది. ఆవిరైన పదార్థాలు వెళ్లిపోయిన చోట సూక్ష్మ రంధ్రాలు ఏర్పడతాయి. సాధారణంగా వేడి పెరిగేకొద్దీ రంధ్రాలూ, లోపలి ఉపరితలమూ పెరుగుతాయి.

మందు అణువులు ఆ రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. అంతే కాదు, సిప్రోఫ్లాక్సాసిన్‌లోని బల్లపరుపు వలయాలు బొగ్గులోని కర్బన పొరలకు అతుక్కుంటాయి. హైడ్రోజన్ బంధాలు, విద్యుదావేశాల ఆకర్షణ కూడా తోడవుతాయి. ఇక్కడ నీటి పీహెచ్ కీలకం. ఆమ్ల నీటిలో ఈ మందు ధనావేశంతో, బాగా క్షార నీటిలో రుణావేశంతో ఉంటుంది. క్షార నీటిలో బొగ్గుకూ రుణావేశమే కాబట్టి రెండూ వికర్షించుకుంటాయి.

ప్రయోగశాలలో శుభ్రమైన నీటితో వచ్చిన ఫలితాన్ని ఫ్యాక్టరీ నీటిలో ఆశించలేం. అక్కడి లవణాలు, ద్రావణులు, ఇతర సేంద్రియ పదార్థాలు కూడా అవే రంధ్రాల కోసం పోటీపడతాయి. పొడి బొగ్గును నీటి నుంచి వేరు చేయడమూ తేలిక కాదు. అందుకే బొగ్గుకు ఇనుప ఆక్సైడ్ చేర్చి అయస్కాంతంతో లాగే పద్ధతులను పరిశోధకులు పరీక్షిస్తున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి: బయోచార్ మందును ప్రధానంగా పట్టి ఉంచుతుందే తప్ప నాశనం చేయదు. నిండిన బొగ్గును గుట్టపోస్తే వానకు మందు మళ్లీ కారవచ్చు. ఎరువని పొలంలో చల్లితే విషాన్ని చోటు మార్చినట్టే. దాన్ని అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చేయాలి, లేదా మళ్లీ వేడిచేసి మందును విచ్ఛిన్నం చేసి తిరిగి వాడాలి. ఈ ఖర్చు కూడా లెక్క కడితేనే బయోచార్ చవకో కాదో తేలుతుంది.

పంట కోశాక చేలల్లో తగలబెడుతున్న పత్తి కట్టెకు ఇంత ఉపయోగం ఉండటం మంచి వార్తే. అయితే వాగులో కలిసి పలచబడ్డాక మందును వెతికి పట్టడం అయ్యే పని కాదు. మందు చిక్కగా ఉన్న చోటే, అంటే ఫ్యాక్టరీ గేటు దాటకముందే పట్టుకోవాలి. బయటికొచ్చే నీటిలో ఎంత యాంటీబయాటిక్ మిగిలిందో కొలిచి చూపే బాధ్యత కూడా దాన్ని తయారుచేసిన వారిదే కావాలి.